దగ్గు మందు తాగారని చెప్పమంటున్నారు, చెప్పాలా?

పేరు వేయవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. ఆమె హైదరాబాద్‌లో ప్రైవేటు స్కూలు టీచరు. భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఐదేళ్ల బాబు. కిందటి నెల ఊరి చివర ఫంక్షన్ హాల్లో భర్త స్నేహితుడి రిసెప్షన్‌కు ముగ్గురూ వెళ్లారు. అక్కడ ఆయన తాగారు. బయల్దేరేటప్పుడు ‘తాళాలు ఇవ్వండి, నేను నడుపుతా’ అని ఆమె అడిగితే, ‘తాగి రెండు గంటలైంది, పెరుగన్నం కూడా తిన్నాను, ఏం కాదు’ అని ఆయనే స్టీరింగ్ ముందు కూర్చున్నారు. దారిలో తనిఖీ. గొట్టంలో ఊదితే 112 వచ్చింది. ఫొటో తీశారు, చీటీ మీద సంతకం పెట్టించుకున్నారు, లైసెన్సు తీసుకుని రసీదు ఇచ్చారు. ఆమెకు లైసెన్సు ఉండటంతో కారు ఆమెకే అప్పగించారు. ఇంత జరిగినా వెనక సీట్లో బాబు నిద్ర లేవలేదు.

ఇంటికొచ్చాక ఇంకో సంగతి బయటపడింది. 2022లోనూ ఆయన ఇలాగే దొరికారు. కోర్టులో 10,000 రూపాయలు కట్టి, మూడు నెలలు లైసెన్సు లేకుండా గడిపి, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ‘అది ఫైనే కదా, అప్పుడే అయిపోయింది’ అంటున్నారట. ఇప్పుడు కుటుంబసభ్యులతో కౌన్సెలింగ్‌కు రమ్మన్నారు, ఆ తర్వాత కోర్టు. ‘ఆ రోజు దగ్గు మందు తాగారు, పార్టీలో ఒక్క గ్లాసే తీసుకున్నారు అని నువ్వు చెప్పు, చాలు’ అని ఆయన పట్టుబడుతున్నారు. మామగారికి తెలిసిన మనిషొకడు 40,000 ఇస్తే కేసే లేకుండా చేయిస్తానన్నాడు. ఆయన మాత్రం రసీదు జేబులో పెట్టుకుని రోజూ కారులోనే ఆఫీసుకు వెళ్లివస్తున్నారు. కొద్ది నెలల్లో కంపెనీ అమెరికా పంపే అవకాశం ఉంది. ‘నిజం చెబితే ఆయన భవిష్యత్తు పోతుంది. అబద్ధం చెబితే రేపు క్లాసులో పిల్లలకు ఏ మొహం పెట్టుకుని పాఠం చెప్పను? మా అత్తగారేమో ఇంటి పరువు నీ చేతుల్లో ఉందంటున్నారు. ఏం చేయాలి?’ అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, మీరు అడిగినదానికంటే ముందు, అడగని విషయం ఒకటి చెప్పాలి. అది రేపు పొద్దున్నే జరగబోతోంది కాబట్టి. మీవారు ఆ రసీదుతో కారు నడపకూడదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 206వ సెక్షన్‌లో స్పష్టంగా రాశారు: తాగి నడిపిన కేసులో పోలీసులు లైసెన్సు స్వాధీనం చేసుకుంటే రసీదు ఇవ్వాలి, కానీ లైసెన్సు తిరిగి చేతికొచ్చేదాకా ఆ రసీదు బండి నడపడానికి అనుమతి కాదు. ఇప్పుడు ఏ చిన్న గీత పడినా, ఎదుటివాడు వచ్చి గుద్దినా, ఆయన పరిస్థితి ఒక్కసారిగా రెండింతలు జటిలమవుతుంది. బీమా కంపెనీకి కూడా చేతికి సాకు ఇచ్చినట్టే. మిగతా విషయాల్లో మీరిద్దరూ ఎన్ని రోజులైనా వాదించుకోండి గానీ, ఈ ఒక్కటీ ఈ రాత్రే తేలాలి. ఆఫీసుకు మెట్రోనో, క్యాబో, మీరు దింపడమో, ఏదో ఒకటి చూసుకోండి.

ఇక 2022 సంగతి. ఈ గందరగోళానికి మూలం అక్కడే ఉందని నా నమ్మకం. సిగ్నల్ దాటినా, హెల్మెట్ లేకపోయినా చలానా కట్టి వదిలించుకుంటాం. తాగి నడపడం ఆ జాబితాలో లేదు. అక్కడికక్కడ డబ్బు కట్టి రాజీ చేసుకునే నేరాలేవో 200వ సెక్షన్ చెబుతుంది, వాటిలో తాగి నడపడం గురించిన 185వ సెక్షన్ లేదు. అందుకే కోర్టుకు పిలుస్తారు. అక్కడ మేజిస్ట్రేటు ‘తప్పు ఒప్పుకుంటున్నారా?’ అని అడుగుతారు. ఆ హాల్లో వరసగా నిలబడ్డ వాళ్లను చూస్తే మీకే అర్థమవుతుంది: ముందున్నాయన తలూపాడు, డబ్బు కట్టాడు, వెళ్లిపోయాడు, వెనకున్నాయనా తలూపాడు. ఒక్కొక్కరికి నిమిషం కూడా పట్టదు. ‘ఒప్పేసుకో, ఫైనే’ అని పక్కవాడు చెవిలో చెబుతాడు. ఆ నిమిషంలో జరిగేది మాత్రం క్రిమినల్ కేసులో దోషిగా నిర్ధారణ. మీవారు 2022లో కట్టిన 10,000 కోర్టు వేసిన శిక్ష. అది అయిపోలేదు, ఆయన వెంటే ఉంది.

దాని బరువు ఇప్పుడు తెలుస్తుంది. చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు. మొదటిసారి దాటితే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. రెండోసారైతే రెండేళ్ల దాకా జైలు, లేదా 15,000, లేదా రెండూ. మునుపు, మొదటి నేరం జరిగిన మూడేళ్లలోపు మళ్లీ చేస్తేనే రెండోసారిగా లెక్కించేవారు. 2019 సవరణ ఆ వెసులుబాటు తీసేసింది. లైసెన్సు సంగతి వేరుగా నడుస్తుంది: మొదటిసారి మూడు నెలల అనర్హత, రెండోసారి రద్దు. రవాణా శాఖ రద్దు చేసేముందు ఆయన వాదన వినాలి, రద్దు చేస్తే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. నోటీసు వస్తే సొరుగులో పడేయకుండా చూడండి.

భయపడి పడుకోలేకపోతున్నానని రాశారు కాబట్టి ఒక మాట. ఇది బెయిలు హక్కుగా దొరికే నేరమే. రెండేళ్లు అనేది గరిష్ఠ పరిమితి. హైదరాబాద్ కోర్టుల్లో ఎక్కువ రీడింగు వచ్చినవారికి, మళ్లీ దొరికినవారికి కొద్ది రోజుల జైలు వేసిన సందర్భాలూ ఉన్నాయి, సమాజ సేవ చేయమన్న సందర్భాలూ ఉన్నాయి. మీవారి విషయంలో ఏది జరుగుతుందో ముందే చెప్పగలనని ఎవరైనా అంటే నమ్మకండి. వాయిదాకు వెళ్లకుండా ఎగ్గొడితే మాత్రం వారెంటు వస్తుంది, అది అన్నిటికంటే అధ్వానం.

పెరుగన్నం, దగ్గు మందు. ఈ రెండూ కలిపి చెబుతాను. ఒంట్లో చేరిన ఆల్కహాలును కాలేయం తన తీరున తాను కరిగిస్తుంది, 100 మిల్లీలీటర్ల రక్తంలో సుమారుగా గంటకు 15 నుంచి 20 మిల్లీగ్రాములు. పెరుగు, నిమ్మరసం, కాఫీ, చన్నీళ్ల స్నానం, ఏవీ దాన్ని తొందరపెట్టలేవు. ఆ లెక్కన 112 నుంచి 30కి దిగడానికి ఇంకా నాలుగు గంటలు తక్కువ కాకుండా పడుతుంది. అంటే రెండు గంటలు ఆగి కూడా ఆయన హద్దుకు మూడున్నర రెట్లు పైన ఉన్నారు. ఇది ఒక్క గ్లాసుతో వచ్చే అంకె కాదని కౌన్సెలింగ్ చేసేవాళ్లకూ తెలుసు, మేజిస్ట్రేటుకూ తెలుసు. దగ్గు మందు ముచ్చట ఆ హాలు రోజూ వింటూనే ఉంటుంది. పైగా చట్టం రక్తంలో ఎంత ఉందనే అడుగుతుంది, సీసా మీద ఏం రాసి ఉందని అడగదు. ఊదే ముందు నోట్లో మందు తడి మిగిలి ఉంటే రీడింగు తప్పుగా రావచ్చన్నది నిజమే గానీ, అది అప్పుడే తాగినప్పటి మాట. గంటల కిందటి చెంచాడు సిరప్‌తో 112 రాదు. కాబట్టి మీతో చెప్పించాలనుకుంటున్న అబద్ధం ఆయన్ని రక్షించదు, మిమ్మల్ని మాత్రం ఇరికిస్తుంది.

ఎలా ఇరికిస్తుందో చూడండి. కౌన్సెలింగ్‌లో మీరు ప్రమాణం చేసి చెప్పరు. నగరంలో గోషామహల్, బేగంపేటలలోని ట్రాఫిక్ శిక్షణ సంస్థల్లో ఇవి జరుగుతుంటాయి. ఇంటివాళ్లను పిలవడంలో ఉద్దేశం, తాగి నడిపితే ఆ ఇంటికి ఏమవుతుందో అందరి ఎదుటా మాట్లాడించడం. అక్కడ మీ నోట ‘దగ్గు మందు’ అనిపిస్తే, రేపు కోర్టులోనూ అదే చెప్పమంటారు. కోర్టులో ప్రమాణం చేసి తెలిసి అబద్ధం చెబితే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ ప్రకారం ఏడేళ్ల దాకా శిక్ష ఉండే నేరం. మీవారి మీదున్న కేసుకంటే పెద్దది. ఆరు నెలలో రెండేళ్లో ఉన్న కేసు నుంచి ఆయన్ని తప్పించడానికి మిమ్మల్ని ఏడేళ్ల కేసులో తల దూర్చమంటున్నారన్నమాట. ఆయనకు ఈ లెక్క తెలియదనే అనుకుంటున్నాను. తెలిస్తే అడిగేవారు కాదు.

అయితే అబద్ధం చెప్పకపోవడం అంటే వెళ్లి ఆయనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పడం అని మీరు అనుకుంటున్నట్టుంది. మధ్యలో చాలా చోటుంది. భార్యాభర్తలు కాపురంలో ఒకరికొకరు చెప్పుకున్న మాటలను కోర్టులో చెప్పమని ఎవరూ బలవంతపెట్టలేరు, సాక్ష్య చట్టం ఆ రక్షణ ఇస్తుంది. మీ కళ్లతో చూసినదానికి ఆ రక్షణ లేదు, నిజమే. కానీ ఇలాంటి కేసులో ప్రాసిక్యూషన్‌కు మీ అవసరమే ఉండదు. ఊదిన చీటీ ఉంది, పోలీసు అధికారి ఉన్నాడు. మిమ్మల్ని సాక్షిగా పిలవాలనుకునేది ఎవరైనా ఉంటే అది మీవారి తరఫువాళ్లే. వాళ్లు అడిగితే మీరు ‘నేను రాను’ అనవచ్చు, కోర్టే సమన్లు పంపితే మాత్రం వెళ్లాలి. కౌన్సెలింగ్‌లో అడిగితే ‘ఆ రోజు ఏం జరిగిందో ఆయన్నే అడగండి. ఇకమీదట ఏం చేయాలో మాట్లాడటానికి నేను వచ్చాను’ అని చెప్పి ఊరుకోండి. ఇందులో అబద్ధం లేదు, ఆయన్ని అప్పగించడమూ లేదు.

40,000 అడిగిన పెద్దమనిషి గురించి ఎక్కువ చెప్పను. రీడింగు నమోదైంది, ఫొటో ఉంది, సంతకం ఉంది. అతను ఆ డబ్బులో ఎవరికీ రూపాయి ఇవ్వకపోయినా మీరు అడగలేరు. ఇచ్చాడంటే, అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇచ్చినవాళ్లూ ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరస్థులే. మామగారు కొడుకు మీద ప్రేమతోనే అడుగు వేస్తున్నారు, ఆయన్ని ఆపాల్సింది కూడా ఆ ప్రేమ పేరు చెప్పే.

ఇప్పుడు కోర్టు. ఇక్కడ నిర్ణయం మీవారిది, మీది కాదు. ఆయన ముందున్న దారులు మాత్రం మీకు తెలియాలి.

వరసలో నిలబడి ఒప్పేసుకోవడం ఒకటి. ఒక్క రోజులో తేలిపోతుంది, అదే దాని ఆకర్షణ. కానీ ఒప్పుకున్నాక ‘నేను తప్పు చేయలేదు’ అని అప్పీలు చేసే దారి మూసుకుపోతుంది. శిక్ష ఎక్కువైందనో, చట్టప్రకారం లేదనో మాత్రమే పైకోర్టుకు వెళ్లగలరు. పైగా ఏ నేరానికి ఒప్పుకుంటున్నారో చూసుకోకుండా ఒప్పుకునే ప్రమాదం ఉంది. చార్జిషీటులో ఇది మొదటి నేరమని రాశారా, రెండోదని రాశారా? రెండోదని ఎక్కువ శిక్ష కోరితే పాత శిక్షను చూపించి రుజువు చేయాల్సిన బాధ్యత ప్రాసిక్యూషన్‌ది. అది చదవకుండా తలూపకూడదు.

పోరాడటం రెండోది. అది ఆయన హక్కు. లాయరు చూసేవి ఇవీ: చీటీ మీద సమయం, పేరు, సంతకం సరిగా ఉన్నాయా; ఆ యంత్రాన్ని ఎప్పుడు సరిచూశారన్న ధ్రువపత్రం ఉందా; అరెస్టు చేసి ఉంటే రెండు గంటల్లోపు డాక్టరు పరీక్ష జరిగిందా, జరగకపోతే వదిలేయాలన్న నిబంధన పాటించారా. ఇవి సాకులు అనుకోకండి. యంత్రం చెప్పిన అంకె మీద మనిషిని జైలుకు పంపే చట్టంలో ఆ యంత్రాన్ని ప్రశ్నించే వీలు ఉండి తీరాలి. కానీ మీరు రాసినదాన్ని బట్టి చూస్తే గెలుపు అవకాశం తక్కువ. ఊదిన ఫలితం సాక్ష్యంగా చెల్లుతుందని చట్టమే అంటోంది. 112 అనేది పది పాయింట్లు అటూఇటూ అయితే మారిపోయే కేసు కాదు. 34 వచ్చినవాడు యంత్రం మీద పోరాడటం వేరు. పైగా వాయిదాలు, ఫీజులు, కేసు నడుస్తున్నన్నాళ్లూ పాస్‌పోర్టు పనికి కోర్టు అనుమతి కోసం తిరగడం ఉంటాయి. ఊదనని మొండికేసి ఉంటే బాగుండేదని ఆయన స్నేహితుడు అన్నాడట. ఆ సలహా ఇంకెవరికీ ఇవ్వవద్దని చెప్పండి. కారణం లేకుండా నిరాకరిస్తే వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు, ఆ నిరాకరణనే కోర్టు ఆయనకు వ్యతిరేకంగా తీసుకోవచ్చు.

ఈ రెండింటి నడుమ ఒక దారి ఉంది. లాయరును పెట్టుకుని, కాగితాలన్నీ చదివి, నేరం ఒప్పుకుని, శిక్ష దగ్గర మాత్రం గట్టిగా విన్నవించుకోవడం. ఉద్యోగం, చిన్నబిడ్డ అని చెప్పుకోవడం అందరూ చేసేదే. చికిత్సలో చేరిన కాగితం, అప్పటి నుంచి డాక్టరు దగ్గరకు వెళ్లిన తేదీలు చూపగలిగితే ఆ మాటకు బలం వస్తుంది. ప్రొబేషన్, అంటే జైలు వేయకుండా మంచి నడవడిక షరతు మీద వదలడం, అడగవచ్చా అన్నది కూడా లాయరు చూస్తారు, ఇవ్వడం మేజిస్ట్రేటు విచక్షణ. నా మొగ్గు ఇటే. కానీ చార్జిషీటు చూడకుండా ఖాయంగా చెప్పలేను.

అమెరికా ప్రయాణం గురించి మీరు అడిగిన తీరు చూస్తే, ఈ కేసు తప్పిపోతే అక్కడ ఇబ్బంది ఉండదని అనుకుంటున్నారు. వీసా దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టయ్యారా, ఏదైనా నేరంలో శిక్ష పడిందా అని అడుగుతారు. 2022 శిక్షతోనే ఆయన జవాబు ‘అవును’ అయిపోయింది. తాగిన సంబంధమైన అరెస్టు లేదా శిక్ష గత ఐదేళ్లలో ఒకటున్నా, పదేళ్లలో రెండున్నా, వాళ్లు సూచించిన డాక్టరు దగ్గరకు పరీక్షకు పంపుతారు. ఆలస్యం అవుతుంది, ప్రయాణం తప్పిపోనూవచ్చు. అయినా అది దాటగలిగే అడ్డంకి. ‘లేదు’ అని రాసి దొరికిపోతే పడేది జీవితాంతం వెంటాడే అనర్హత. కంపెనీ ప్రయాణం పనులు మొదలుపెట్టేలోపే వీసా వ్యవహారాలు చూసే లాయరుతో ఒకసారి మాట్లాడుకోమనండి.

ఇంకొకటి చెప్పక తప్పదు, ఇది ఆయనకు చదివి వినిపించినా సరే. 2006 నవంబరులో ముంబై కార్టర్ రోడ్డులో తాగి నడిపిన కారు పేవ్‌మెంటు మీద నిద్రపోతున్న కూలీల మీదికి వెళ్లింది. ఏడుగురు పోయారు. అది నిర్లక్ష్యం వల్ల జరిగిన మరణమేనని డిఫెన్సు వాదించింది. 2012లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. హత్య కిందికి రాని నేరపూరిత నరహత్యగా పడిన శిక్షను ఖాయం చేసింది. తాగి నడిపితే ప్రాణం పోవచ్చని ఆ మనిషికి తెలుసు అన్నదే అందులో కీలకం. ఇప్పటి చట్టంలో నిర్లక్ష్యపు మరణానికి ఐదేళ్ల దాకా, ఆ ‘తెలిసి’ అనే మాట పడితే పదేళ్ల దాకా శిక్ష. ఒకసారి శిక్ష పడి, భార్య తాళాలు అడిగినా ఇవ్వని మనిషి ‘నాకు తెలియదు’ అని ఏ కోర్టులోనూ అనలేడు. ఆ రాత్రి కారులో నిద్రపోతున్నది ఆయన కొడుకే. తనిఖీ దగ్గర ఆగిపోవడం మీ ఇంటికి జరిగిన మేలు అని నేను నిజంగా నమ్ముతున్నాను.

ఆయన తాగుడు గురించి మీ ఉత్తరంలో ఒకే ఒక్క వాక్యం ఉంది: ‘శని, ఆదివారాలు మాత్రమే, కానీ ఈమధ్య బుధవారం కూడా.’ నేను దాని దగ్గర ఆగిపోయాను. డాక్టర్లు మామూలుగా నాలుగు ప్రశ్నలు అడుగుతారు. తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎవరైనా తాగుడు గురించి అంటే చిరాకు పుట్టిందా? తాగినందుకు అపరాధభావం కలిగిందా? పొద్దున లేవగానే ఒక చుక్క పడితేగానీ కుదరని రోజు ఉందా? రెండింటికి ‘అవును’ వస్తే డాక్టరును కలవడం మంచిది. మీరు అడగకండి, గొడవవుతుంది. ఈ పేజీ ఆయనకు ఇవ్వండి, తనను తానే అడుగుకోమనండి. వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416. ఈ రెండో నంబరు మీకు కూడా. ఇన్ని రోజులుగా నిద్ర లేకుండా స్కూలుకు వెళ్లి వస్తున్నది మీరు.

పరువు సంగతి మీ అత్తగారికి ఎలా చెప్పాలో మీకే బాగా తెలుసు. తను పెట్టుకున్న లాయరు పక్కన నిలబడి చేసిన తప్పు ఒప్పుకున్న కొడుకు ఒకవైపు, కోడలి చేత అబద్ధం చెప్పించిన కొడుకు ఇంకోవైపు. వీటిలో ఏది బయటపడితే ఎక్కువ తలవంపులో ఆవిడనే చెప్పమనండి.

మిమ్మల్ని సాక్షిగా రమ్మని ఇంకా ఒత్తిడి చేస్తుంటే, మీకోసం విడిగా సలహా తీసుకోండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, 15100కు ఫోన్ చేసినా చెబుతారు. మీవారి లాయరు ఆయన మేలు చూస్తారు, మీ మేలు చూడటానికి మీకొకరు ఉండాలి. చార్జిషీటు కాపీ చేతికొచ్చాక అందులో 2022 కేసు ప్రస్తావన ఉందో లేదో చూసి మళ్లీ రాయండి. లైసెన్సు రద్దు నోటీసుకు జవాబు ఎలా ఇవ్వాలో అప్పుడు వివరంగా చెబుతాను.